బచ్చాలు, బ్యారన్లు, రేసు కార్డులు

అంచులు పట్టుకోండి. బొటనవేలు బొమ్మ మీద ఆనకూడదు. రెండు పక్కలా మునివేళ్ళతో పట్టుకుని, బల్ల మీద పరిచిన మెత్తటి గుడ్డకు దగ్గరగానే ఉంచండి. జారినా మూల దెబ్బతినదు. ఇంటాయన మీ చేతికి భూతద్దం అందిస్తాడు.

"బొమ్మ చూడబాక అబ్బాయ్. సిరా చూడు."

అద్దం కంటికి ఆనించగానే కారు మాయమైపోతుంది. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు సన్నగా, గుండ్రంగా గుంపులు కట్టి కనిపిస్తాయి. ఆఫ్‌సెట్ అచ్చు అంటే ఇదే. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరు మీద తీసిన నకలైతే చుక్కలకు ఈ వరస ఉండదు, చిందినట్టు చెదిరిపోతాయి. అద్దం కాస్త పైకెత్తండి. చుక్కలన్నీ కలిసి మళ్ళీ కారవుతాయి. తలుపు మీద నంబరు, బానెట్ మీద కంపెనీ పేరు, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మీసాల మనిషి. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు ఉన్న అట్టముక్క. అమెరికాలో 1988లో అచ్చయింది. ఇప్పుడు హైదరాబాదు పుప్పాలగూడలో పద్నాలుగో అంతస్తులో, ఆదివారం పొద్దున, మీ వేళ్ళ మధ్య ఉంది.

తలెత్తితే బాల్కనీ అద్దాల అవతల సగం కోసిన గ్రానైట్ గుండు కనిపిస్తుంది. కోసిన చోట తెల్లగా, కోయని చోట ఎండకూ వానకూ నల్లబడి ఉంది. దాని వెనక రెండు క్రేన్లు, ఆ వెనక ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడలు. ఇక్కడ ఎప్పుడూ ఏదో ఒక బండ పగులుతూనే ఉంటుంది. అందుకే కార్డులు బయటికి తీసిన రోజు ఈ ఇంట్లో కిటికీలు తెరవరు. పనిచేసే అమ్మాయికి అదే పెద్ద చిరాకు. "కిటికీ తెరవద్దంటరు, దుమ్ము తుడువమంటరు. ఎట్ల తుడవాలమ్మా?" అని వంటింట్లో ఇంటావిడ దగ్గర మొరపెట్టుకుంటోంది. ఇంటావిడ ఏ పక్షమూ తీసుకోదు. ఆవిడకు ఈ కార్డులంటే కోపమూ లేదు, మోజూ లేదు. బీరువాలో రెండు అరలు పోయాయన్న లెక్క మాత్రం ఉంది.

ఆ రెండు అరల్లోనూ ప్లాస్టిక్ డబ్బాలు, డబ్బాకొకటి తేమ పీల్చే సిలికా పొట్లం. ఒక్కో కార్డుకు ముందు పల్చటి తొడుగు, పైన గట్టి ప్లాస్టిక్ కవరు. అమెరికా నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసుల్లో చాక్లెట్లకూ విటమిన్ మాత్రల సీసాలకూ మధ్య సర్దుకుని వచ్చాయి చాలామటుకు. పార్శిల్ తెప్పించుకుంటే పంపే ఖర్చూ కస్టమ్స్ సుంకమూ కలిపి కార్డు ధరను ఎప్పుడో దాటిపోతాయి.

ఆయనది టంగుటూరు పక్క పల్లె. ఉద్యోగం బ్యాంకు సాఫ్ట్‌వేర్లో. చాలా ఏళ్ళు నార్త్ కరొలినాలోని షార్లెట్‌లో. షార్లెట్‌కూ హైదరాబాదుకూ సంబంధం చెప్పక్కర్లేదు. బ్యాంక్ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయం షార్లెట్‌లో ఉంది, దాని పెద్ద ఆఫీసొకటి హైదరాబాదులో ఉంది. వెల్స్ ఫార్గోకైతే రెండు ఊళ్ళలోనూ వేల మంది ఉద్యోగులు. ఇక ఎం.ఎస్. చదవడానికి వెళ్ళే మన పిల్లలు యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరొలినా షార్లెట్ క్యాంపస్‌లో గుంపులుగా కనిపిస్తారు. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో, కాంకర్డ్‌లో, 1960లో కట్టిన షార్లెట్ మోటార్ స్పీడ్‌వే ఉంది. మైలున్నర చుట్టు, మలుపుల దగ్గర 24 డిగ్రీల వాలు. మే నెలాఖరులో అక్కడ 600 మైళ్ళ రేసు జరుగుతుంది. అంటే 400 చుట్లు, అన్నీ ఎడమ వైపుకే.

"గాలి ఇటు తిరిగితే మా అపార్ట్‌మెంటుకు వినపడేది. మొదట జనరేటరేమో అనుకున్నా" అంటాడు ఆయన.

మనకు రేసు అంటే ఫార్ములా వన్, లేదా 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ. స్టాక్ కార్ రేసు ఆ కులం కాదు. షోరూములో అమ్మే కారునే తెచ్చి పోటీ పెట్టడం దాని పుట్టుక. ఈ రేసులు నడిపే నాస్కార్ సంస్థ తన పెద్ద పోటీల వరసలో మొదటి రేసు 1949 జూన్ 19న షార్లెట్‌లోనే ఒక మట్టి ట్రాకు మీద నడిపింది. తర్వాత్తర్వాత కారు లోపలంతా మారిపోయి, పైన ఆకారం మాత్రమే షోరూముది మిగిలింది. నడిపేవాళ్ళు కూడా రాజకుమారుల్లాంటి వాళ్ళు కాదు. జూనియర్ జాన్సన్ అనే మొనగాడు ఎక్కడ నేర్చుకున్నాడనుకున్నారు? కొండదారుల్లో అర్ధరాత్రి నాటుసారా బళ్ళు తోలుతూ, పోలీసుల్ని తప్పించుకుంటూ. తండ్రి బట్టీ దగ్గర పట్టుబడి 1956లో జైలుకు వెళ్ళాడు. ముప్పై ఏళ్ళ తర్వాత అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష ఇచ్చాడు. సారా బట్టీ, పోలీసు దాడి తెలిసిన మన జిల్లాల వాళ్ళకు ఈ కథ విప్పి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆయన రెండో డబ్బా కాకుండా పాత బిస్కెట్ల రేకు డబ్బా తీస్తాడు. మూత బిగుసుకుపోయి ఉంటే ఆయన అన్నకొడుకు చెంచా తెచ్చి లేపుతాడు. లోపల రేసు కార్డులు లేవు. సిగరెట్ పెట్టెలు కత్తిరించి చదును చేసిన అట్టలు. చార్మినార్, సిజర్స్, బర్క్‌లీ, పనామా, గోల్డ్ ఫ్లేక్.

"ఏంది బాబాయ్, ఇవి కూడా కలెక్షనేనా?"

"కలెక్షన్ కాదురా. బచ్చాలు. గెల్చుకున్నవి."

గీత గీసి, గుండ్రంగా బరి గీసి, మధ్యలో బచ్చాలు దొంతర పెట్టి, దూరం నుంచి బిళ్ళరాయి విసిరి బరి దాటించిన వాడివి. చార్మినార్ ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, విలువ తక్కువ. ఫిల్టర్ సిగరెట్ పెట్టె దొరకాలంటే బస్టాండు దాకా పోవాలి, విలువ ఎక్కువ. ఒంగోలు నుంచి వ్యాపారి ఎవరైనా వచ్చి అంబాసిడర్ దిగితే, పిల్లలంతా ఆయన జేబు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూసేవాళ్ళట. ఒక్క అట్ట ముక్కుకు దగ్గరగా పెట్టుకోండి. వాసనేమీ లేదు. ఆయన మాత్రం ఉందంటాడు.

వాళ్ళది పొగాకు ఇల్లు. పచ్చాకు కొట్టి, కర్రలకు కట్టి, బ్యారన్ అనే కొట్టంలో అంతస్తులుగా వేలాడదీసి, కింద పొయ్యి రాజేసి, ఇనప గొట్టాల వేడితో రోజుల తరబడి ఎండబెట్టేవారు. మొదట ఆకు పసుపు తిరగాలి, ఆ తర్వాత రంగు నిలవాలి, చివరికి ఈనె కూడా ఎండాలి. వేడి ఒక్క రాత్రి తప్పితే సరుకంతా నల్లబడుతుంది. కాబట్టి ఇంట్లో ఒక మగమనిషి బ్యారన్ దగ్గరే పడుకునేవాడు. ఆ పని ఈయన వాటాకు వచ్చినప్పుడు చదువుకున్న పుస్తకాల మీద ఇప్పటికీ పొగ మరకలున్నాయట. వేలంలో వచ్చిన డబ్బుతో ఇంజినీరింగు, ఆ చదువుతో వీసా.

ఆ బ్యారన్ పద్ధతి పుట్టింది నార్త్ కరొలినాలోనే. 1839లో కాస్వెల్ కౌంటీలో స్లేడ్ అనే ఆసామి పొలంలో, స్టీఫెన్ అనే బానిస కుర్రాడు ఆకు ఆరబెడుతూ నిద్రపోయాడు. లేచేసరికి మంట ఆరిపోతోంది. కంగారుగా బొగ్గులు వేశాడు. ఒక్కసారిగా వేడి తగిలి ఆకు మెరిసే పసుపు రంగుకు తిరిగింది. అక్కడి నుంచి మొదలైన వర్జీనియా పొగాకు 1920ల్లో గుంటూరు నేలకు వచ్చింది. తెచ్చి పండించమన్నది ఐఎల్‌టీడీ అనే పొగాకు కంపెనీ. చీరాల వాళ్ళకు ఆ కంపెనీ గురించి నేను చెప్పేదేముంది!

ఐఎల్‌టీడీ వెనక ఉన్నది బ్రిటిష్ అమెరికన్ టొబాకో. 1902లో ఆ కంపెనీ పుట్టినప్పుడు దాని మొదటి చైర్మన్ జేమ్స్ డ్యూక్, నార్త్ కరొలినా డర్హమ్ మనిషి. 1880ల్లో సిగరెట్ పొట్లం నలగకుండా లోపల గట్టి అట్టముక్క పెట్టి, దాని మీద నటీమణుల బొమ్మలూ ఆటగాళ్ళ బొమ్మలూ వేసి అమ్మిన కంపెనీల్లో డ్యూక్ గారిది ఒకటి. పిల్లలు ఆ బొమ్మల కోసం తండ్రుల జేబులు వెతికారు. బేస్‌బాల్ కార్డుల మోజు అక్కడి నుంచే పెరిగింది.

ఇంకొంచెం ఉంది. 1971 మొదట్లో అమెరికాలో టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు నిషేధించారు. విన్‌స్టన్ సిగరెట్లు చేసే ఆర్.జె. రెనాల్డ్స్ చేతిలో ప్రకటనల డబ్బు మిగిలిపోయింది. తన కారుకు స్పాన్సర్ కోసం వాళ్ళ దగ్గరికి వెళ్ళిన జూనియర్ జాన్సన్, మీ దగ్గర అంత డబ్బుంటే నాస్కార్ వాళ్ళనే కలవండి అని పంపాడు. ఆ ఏడాది నుంచి 2003 దాకా ఆ పోటీల పేరు విన్‌స్టన్ కప్.

అంటే ఈ బల్ల మీద ఉన్న బచ్చాకూ, దాని పక్కన ఉన్న రేసు కార్డుకూ, వీటిని చూపిస్తున్న మనిషి చదువుకూ పెట్టుబడి పెట్టింది ఒకటే ఆకు. షార్లెట్‌లో ఆయన నెలనెలా కట్టిన కరెంటు బిల్లు మీద కూడా డ్యూక్ ఎనర్జీ అనే ఉండేది. ఆ సంస్థ మూలంలోనూ ఆ జేమ్స్ డ్యూకే. ఇదంతా తల్చుకుని నేను మురిసిపోవడం లేదు. ఆయన తండ్రి దగ్గుతూనే పోయాడు. ఆ మాట ఆయనే చెప్పి, డబ్బా మూత నొక్కి, రేసు కార్డుల వైపు తిరుగుతాడు.

స్టాక్ కార్ కార్డుల్లో మొదటి సెట్టు 1972 నాటిది. ఇంజిన్ ఆయిల్లో కలిపే మందు అమ్మే ఎస్‌టీపీ కంపెనీ ప్రచారానికి వేసింది, 11 కార్డులు. రిచర్డ్ పెట్టీకి ఆ ఏడాదే ఎస్‌టీపీతో ఒప్పందం కుదిరింది. 43వ నంబరు కారు, పెట్టీ వాళ్ళింటి నీలానికి కంపెనీ ఎరుపు తోడైంది. పెట్టీ మొత్తం 200 రేసులు గెలిచాడు. ఆ రెండువందలోది 1984 జులై 4న, డేటోనా ట్రాకు మీద, రీగన్ చూస్తుండగా. ఈ ఇంట్లో ఎస్‌టీపీ సెట్టు లేదు, ఒక్క కార్డు ఉంది. అది మీ చేతికి ఇవ్వడు. ఆయన పట్టుకుని చూపిస్తాడు.

అంగట్లో ప్యాకెట్టుగా పిల్లలకు దొరికిన మొదటి పెద్ద సెట్టు మాత్రం 1988 నాటి మ్యాక్స్. నూరు కార్డులు. షార్లెట్ పేరుతో ఒక అచ్చు, మర్టిల్ బీచ్ పేరుతో ఇంకో అచ్చు. ఆయనకు మొదట దొరికింది యూనివర్సిటీ పక్క వీధిలో గరాజ్ సేల్‌లో, చెప్పుల పెట్టెడు. ఇంటికొచ్చి నంబర్ల వరసన పేర్చుకుంటే 99 లేదు. పోయిందనుకుని వెతికాడు. అసలు అప్పుడది వెయ్యలేదు. అది డేల్ ఎర్న్‌హార్ట్‌ది. ఒప్పందం కుదరక ఆ కార్డు ఆపేశారు. 1994లో గాని బయటికి రాలేదు. అప్పటి పెద్ద వీరుడే లేని వీరుల సెట్టు అది! ఎర్న్‌హార్ట్ ఏడుసార్లు ఛాంపియన్, 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 చివరి చుట్టులో గోడకు గుద్దుకుని పోయాడు. ఆ వార్త వచ్చిన మర్నాడు ఆఫీసులో పక్క సీటాయన కంప్యూటర్ ఆపేసి ఇంటికి వెళ్ళిపోవడం చూశాకే, ఇది ఆట కాదని ఈయనకు అర్థమైందట.

రేటు ఎంత అని అడగాలని మీకు ఉంది. ప్లాటు గజం ఎంత, ఫ్లాటు అడుగు ఎంత అన్న మాట తప్ప మరొకటి వినిపించని ఈ చుట్టుపక్కల ఆ ప్రశ్న రాకపోతేనే వింత. మామూలు కార్డులకు ఏమీ రాదు. 1990, 91, 92 నాటికి అమెరికా అంతా కార్డులు పెట్టుబడి అనుకుంది. పెట్టెలకు పెట్టెలు కొని విప్పకుండా అటకెక్కించింది. కంపెనీలు కూడా గుట్టలుగా అచ్చేశాయి. ఎవ్వరూ పారెయ్యని వస్తువుకు ధర ఎట్లా పెరుగుతుంది? కొందరు ఒక్కో కార్డును పంపించి పదికి ఇన్ని మార్కులని వేయించుకుని, ప్లాస్టిక్ బిళ్ళలో మూసి పెట్టించుకుంటారు. ఇక ఆ కార్డును జన్మలో ఎవరూ ముట్టుకోలేరు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఈయనకూ నచ్చదు, అందుకే మీకు అంచులు పట్టుకోవడం నేర్పాడు.

అన్నకొడుకు టీవీలో 1988 డేటోనా 500 చివరి చుట్టు పెడతాడు. తెరమీద బొమ్మ మసకగా ఉంది, మోత మాత్రం సోఫాలోంచి మీ వీపుకు తగులుతుంది. ముందు 12వ నంబరు, బాబీ ఆలిసన్. వయసు 50. అతని వెనకే 28వ నంబరు, కొడుకు డేవీ ఆలిసన్. కొడుకు పక్కకు తీశాడు. బంపరు దాకా వచ్చాడు. ఇంక రాలేకపోయాడు. తండ్రి మొదట, కొడుకు తర్వాత గీత దాటారు.

టీవీ ఆపి ఆయన రెండు కార్డులు గుడ్డ మీద పక్కపక్కన పెడతాడు. తండ్రిది, కొడుకుది. ఆ గెలుపు ఫిబ్రవరిలో. జూన్ 19న పొకోనోలో మొదటి చుట్టులోనే బాబీ కారు టైరు పోయింది. అడ్డం తిరిగిన కారు తలుపును ఇంకో కారు వచ్చి గుద్దింది. మనిషి బతికాడు. జ్ఞాపకంలో పెద్ద ముక్క ఎగిరిపోయింది. కొడుకును వెనక పెట్టి గెలిచిన ఆ రోజు అందులో పోయింది. 1992లో చిన్నకొడుకు క్లిఫర్డ్ మిషిగన్ ట్రాకు మీద చనిపోయాడు. 1993 జులైలో డేవీ హెలికాప్టర్ కూలి చనిపోయాడు. బాబీ మాత్రం 2024 నవంబరు దాకా ఉన్నాడు. అన్నేళ్ళూ ఆ రేసు గురించి ఎవరైనా అడిగితే, చూసినవాళ్ళు చెప్పిందే తనకూ తెలుసన్నట్టు మాట్లాడాల్సి వచ్చింది.

వంటింట్లో కుక్కర్ మూడో కూత వేస్తుంది. ఎవరూ లేవరు. డేవీ కార్డు వెనక వైపు తిప్పి చూడండి. అచ్చయిన నాటికి అతని ముందు ఎంత జీవితం ఉందో తెలియని అంకెలు, బారులు తీరి.

కాలింగ్ బెల్. పక్క టవర్ కుర్రాడు, పదేళ్ళుంటాయి, చంకలో పోకిమాన్ కార్డుల ఫైలు. ఆదివారం ఇతని బేరం ఈ ఇంట్లోనే. చెప్పులు విసిరేసి వచ్చి మీ పక్కన కూర్చుంటాడు. డబ్బా చివర విడిగా కట్టిన డబుల్స్ కట్ట లాగి, ఒకటి తీస్తాడు.

"ఇది ఎవరు తాతా?"

"ఆలన్ కుల్విక్కి. ఇంజినీరు."

"ఇంజినీరా?" వాడి మొహంలో ఆసక్తి సగం చచ్చిపోతుంది. ఈ టవర్లలో ఇంజినీరు కానిదెవరు?

"మెకానికల్ ఇంజినీరురా! సొంత కారు, సొంత టీము. జూనియర్ జాన్సన్ పిలిచి పెద్ద మొత్తం ఇస్తానన్నా పోలేదు." 1992 నవంబరు 15, అట్లాంటా. సీజన్లో ఆఖరి రేసు. రిచర్డ్ పెట్టీకి చివరిది, జెఫ్ గోర్డన్‌కు పెద్ద పోటీల్లో మొదటిది. రేసు గెలిచింది బిల్ ఎలియట్, కుల్విక్కి రెండో స్థానం. అయితే ఎక్కువ చుట్లు ముందు నడిచినవాడికి అదనంగా 5 పాయింట్లు. కుల్విక్కి మనుషులు లెక్కలు వేసుకుని, పెట్రోలు కోసం ఆగాల్సిన చుట్టును వెనక్కు జరిపారు. కుల్విక్కి ముందున్నవి 103 చుట్లు, ఎలియట్ ముందున్నవి 102. ఛాంపియన్‌షిప్ పది పాయింట్ల తేడాతో కుల్విక్కిది. ఆ ఒక్క చుట్టు ఎలియట్‌కు వెళ్ళి ఉంటే పాయింట్లు సమానమై, ఎక్కువ రేసులు గెలిచిన ఎలియట్‌కే కప్పు దక్కేది. అయిదు నెలలు తిరక్కుండానే, 1993 ఏప్రిల్ 1న, విమానం కూలి కుల్విక్కి పోయాడు. షార్లెట్ యూనివర్సిటీలో కార్ల ప్రయోగశాలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

చావు సంగతి ఆయన కుర్రాడికి చెప్పడు. 103, 102 మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్తాడు. వాడు కార్డు అటూ ఇటూ తిప్పుతాడు.

"హెచ్‌పీ ఎంత తాతా? రాసిలేదేంటి?"

"ఆరొందల పైనే."

వాడు నోరు తెరుస్తాడు. "నా చారిజార్డ్‌కే 330!"

ఇక వదలడు. ఊరికే ఇమ్మని అడగడు, ఆయనా ఊరికే ఇవ్వడు. ఫైలు తెరిచి డబుల్స్ పేజీ చూపిస్తాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని మూడు బొమ్మలు ఎంచుతాడు. మూడు కుదరదు, రెండంటాడు వాడు. "మూడు. ఇంజినీరుకు మూడైనా ఇవ్వకపోతే ఎట్టా?" ఇంటావిడ వంటింటి గుమ్మంలోంచి, "ఏవండీ, పసివాడితోనా మీ బేరాలు?" అంటుంది. పసివాడు కార్డును కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టి చూస్తున్నాడు.

"వెనకాల పెన్ను గీత ఉంది తాతా. ఒకటే ఇస్తా."

ఆయన లాక్కుని చూస్తాడు. నిజమే, గీత ఉంది. అన్నకొడుకు నవ్వు ఆపుకోలేక బాల్కనీ వైపు వెళ్తాడు. ఆయన ఒకటికే ఒప్పుకుని, ఆ ఒక్కటీ ఏదో తనే ఎంచుకుంటానని పట్టుబట్టి, పచ్చరంగు కప్పలాంటి జంతువునొకదాన్ని తీసుకుంటాడు.